తుపాన్ల నెలలకు ముందు బోటు యజమానులు, సరంగులు చూసుకోవాల్సినవి

కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు, సరుకు ఓడలు ఆగిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును ఊడ్చేశాయి. తెరచాప ఓడలు పోయి డీజిల్ బోట్లు వచ్చినా తీరం మాత్రం అదే. కాకినాడకు హోప్ ఐలాండ్ కాస్త అడ్డు నిలుస్తుంది గానీ, చాలాచోట్ల మన ఒడ్డు నేరుగా బంగాళాఖాతానికి ఎదురుగానే ఉంటుంది. గాలి ఒడ్డు వైపు తోస్తున్నప్పుడు ఇంజిన్ ఆగినా, లంగరు జారినా బోటు పోయి ఇసుక మీద పడాల్సిందే. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక్క లెక్క పక్కాగా ఉండాలి: గాలి ముదరకముందే ఒడ్డుకు చేరగలమా?

ఆ లెక్క వేటకు వెళ్లేముందే వేసుకోండి. బోటు గంటకు 15 కిలోమీటర్లు నడిస్తే 150 కిలోమీటర్ల నుంచి రావడానికి 10 గంటలు. ఎదురుగాలి, ఎదురు అల ఉంటే 20 గంటలైనా పెట్టుకోవాలి. ఆపైన మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, పోటు కోసం ఆగే సమయం. ఆటు నీరు బయటికి లాగుతూ, సముద్రపు అల లోపలికి వస్తుంటే మొగలో అల నిలువునా లేచి విరుగుతుంది. ఈ చివరి ముక్కను చాలామంది లెక్కలో వేయరు.

"ఒకటో నంబరే కదా, ఏం కాదులే" అనే మాట ఒకటుంది. రేవులో పెట్టే 1, 2 నంబర్ల హెచ్చరికలు బయల్దేరే వాళ్ల కోసమే. ముప్పు రేవుకు ఇంకా రాలేదు, దూరాన సముద్రంలో ఉంది, వెళ్తే దానికి ఎదురుపడతారు అని వాటి అర్థం. 3, 4 పెడితే గాలి ముప్పు రేవుకే. 5, 6, 7 ఒకదాన్ని మించినది ఒకటి కాదు. తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందో అవి చెబుతాయి. 8, 9, 10 కూడా అంతే, కాకపోతే తుపాను తీవ్రమైనది. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను వెడల్పులో చిన్నదే. అయినా వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో వేటకెళ్లిన మత్స్యకారులు ఎందరో. ఆకాశం చూసి చెప్పగల పెద్దల అనుభవం మీద నాకు గౌరవమే. అయితే చిన్న తుపాను దగ్గరికొచ్చేదాకా గాలిలో పెద్దగా తేడా చూపించకపోవచ్చు. అల్పపీడనం అని వినగానే తిరుగు లెక్క మొదలుపెట్టండి, వాయుగుండం అయ్యేదాకా ఆగొద్దు.

బోటు పనులు సెప్టెంబరులోనే అయిపోవాలి. పలకల సందులు, చుక్కాని బిగింపు ఎలాగూ చూస్తారు. ఎవరూ చూడనిది డీజిల్ ట్యాంకు అడుగు. అక్కడ పేరుకున్న మడ్డి, నీరు బోటు బాగా ఊగినప్పుడు పైకి లేచి ఫిల్టర్లో అడ్డం పడతాయి. మామూలు రోజుల్లో ఆగని ఇంజిన్ తుపానులోనే ఆగడానికి ఇదొక పెద్ద కారణం. ట్యాంకు కడిగించండి, స్పేర్ ఫిల్టర్లు పెట్టుకోండి. చీకట్లో వాటిని మార్చడం కనీసం ఇద్దరికి రావాలి. నీళ్లు తోడడానికి చేత్తో కొట్టే పంపు ఒకటి ఉండాలి. లంగరు మోకు నీటి లోతుకు ఐదారు రెట్లు వదలాలి, పొట్టి మోకు మీద ఎంత బరువైన లంగరైనా లేచిపోతుంది. మోకు అంచుకు రాసుకునే చోట పాత రబ్బరు పైపు తొడగండి.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్, కోస్ట్ గార్డ్ సాయానికి ఫోన్ చేసే 1554 నంబరు బోటులో అందరికీ తెలియాలి. లైఫ్ జాకెట్లు వలల కింద ఉన్నాయంటే లేనట్టే. ఎవరెవరు వెళ్తున్నారో, ఏ వైపో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టండి.

ఇంత చూసుకున్నా చిక్కుకుంటే, గాలికి ఎదురుగా నిలబడండి. తుపాను నడిబొడ్డు మీ కుడిచేతి వైపు, కాస్త వెనగ్గా ఉంటుంది. దానికి దూరంగా జరగండి. పడమటికి కదిలే తుపానుకు ఉత్తరం పక్కనే గాలి, అల ఎక్కువ. ఇంజిన్ ఆగితే పాత వలను మూటగట్టి పొడవాటి మోకుతో బోటు ముందు భాగం నుంచి నీళ్లలో వదలండి, బోటు అలకు అడ్డం తిరగకుండా ఉంటుంది. భీకరంగా వీచే గాలి ఒక్కసారిగా ఆగితే బయటపడ్డామనుకోవద్దు. తుపాను కన్ను మీ మీదికి వచ్చిందని అర్థం, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

రేవులో కట్టేసినంత మాత్రాన టెన్షన్ పోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉన్న బోట్లు కూడా దెబ్బతిన్నాయి. తాళ్లు నీరు లేచే మేరకు వదులుగా ఉంచి, బోట్ల మధ్య టైర్లు వేలాడదీయండి. దగ్గర్లో మడ అడవుల కాలువలుంటే ముందురోజే లోపలికి తీసుకుపోండి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు ఇంటికి తెచ్చుకుని, కట్టిన బోటు ఫొటోలు తీసిపెట్టుకోండి. కాపలా పేరుతో మనిషిని మాత్రం బోటులో పడుకోబెట్టొద్దు.