వార్‌ఫ్రేమ్ గేమ్ కొత్తగా మొదలుపెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సెలవుల్లో మొదలుపెట్టేవాళ్ల కోసం.

- మొదట్లో ఇచ్చే 50 ప్లాటినమ్‌ను (గేమ్‌లోని కరెన్సీ) రంగులకో, తయారీ త్వరగా అయిపోవడానికో తగలేయొద్దు. స్లాట్లకే (ఫ్రేమ్‌లు, ఆయుధాలు దాచుకునే చోటు) ఉంచండి: ఒక ఫ్రేమ్ (మనం ఆడే పాత్ర) స్లాట్ 20, రెండు ఆయుధ స్లాట్లు 12. స్లాట్ ఖాళీ లేకపోతే ఫౌండ్రీలో (వస్తువులు తయారయ్యే చోటు) కొత్త ఫ్రేమ్ సిద్ధమై కూర్చున్నా తీసుకోలేరు. ఆ బాధ వర్ణనాతీతం.

- నచ్చని ఆయుధమైనా 30వ ర్యాంకుకు చేరకుండా అమ్మొద్దు. ర్యాంకుకు 100 చొప్పున 3,000 మాస్టరీ (ఆటగాడి స్థాయి పెంచే పాయింట్లు) దానిమీదే వస్తుంది. మధ్యలో అమ్మితే మళ్లీ తయారుచేసుకుని సున్నా నుంచి ఎక్కించాలి.

- మొదటి ఫ్రేమ్‌గా ఎక్స్‌కాలిబరా, మ్యాగా, వోల్టా అని టెన్షన్ వద్దు. మిగతా రెండూ తర్వాత దొరుకుతాయి.

- మాస్టరీ స్థాయి పెరగడానికి రాసే పరీక్షను ముందు రిలేలో (ఆటగాళ్లంతా కలిసే స్టేషన్) సైమారిస్ అనే పాత్ర దగ్గర ప్రాక్టీస్ చేయండి. అసలుది తప్పితే దాదాపు ఒక రోజు ఆగాల్సిందే.