వాన్ హేలెన్ తొలి ఆల్బమ్ గిటార్ శబ్దం: గిటార్, యాంప్, చేతులు సిద్ధం చేసుకోవడం ఎలా

1978 ఫిబ్రవరి 10న వాన్ హేలెన్ బ్యాండ్ తొలి ఆల్బమ్ విడుదలైనప్పుడు గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్‌కి 23 ఏళ్లు. అంతకుముందు కొన్నేళ్లు కాలిఫోర్నియాలో పసడీనా ఇళ్ల పెరట్లో జరిగే పార్టీల్లో, లాస్ ఏంజిల్స్ సన్‌సెట్ స్ట్రిప్‌లో గజ్జారీస్, విస్కీ ఎ గోగో వంటి క్లబ్బుల్లో అన్న అలెక్స్ డ్రమ్స్‌తో, మైకేల్ ఆంథొనీ బేస్‌తో, డేవిడ్ లీ రాత్ గొంతుతో వాయించి వాయించి రాటుదేలిన చేతులవి. ఆ శబ్దం కావాలని చాలామంది ముందు పెడళ్లు (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెలు) కొంటారు. నిజానికి పని మొదలవ్వాల్సింది కుడిచేతి లయ దగ్గర, శ్రుతి దగ్గర. పెడళ్లది ఆఖరి వంతు. అయినా చేతిలోకి గిటార్ రావాలి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

గిటార్

ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరుపడ్డ ఆ గిటార్‌లో బాడీకి 50 డాలర్లు, నెక్‌కి 80 డాలర్లు పెట్టానని ఎడ్డీ చెప్పేవాడు. బాడీ స్ట్రాటోకాస్టర్ ఆకారం. బ్రిడ్జ్ దగ్గర గిబ్సన్ ఇఎస్-335 నుంచి ఊడదీసిన హంబకర్ (రెండు కాయిల్‌ల పికప్, అంటే స్ట్రింగ్ కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) ఒకటి. ఒకే ఒక్క నాబ్, అది వాల్యూమ్; దాని మీద మాత్రం ‘టోన్’ అని రాసి ఉంటుంది. అసలు టోన్ కంట్రోల్ లేనే లేదు. మీ గిటార్‌లో ఉంటే తీసేయనక్కర్లేదు, పూర్తిగా తెరిచి ఉంచండి చాలు.

కావాల్సినవి ఇవి: బ్రిడ్జ్‌లో సుమారు 8 కిలోఓమ్‌ల పాతకాలపు తరహా హంబకర్, 500 కిలోఓమ్‌ల వాల్యూమ్ పాట్, 9-42 (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) స్ట్రింగ్‌ల సెట్, ట్రెమోలో బ్రిడ్జ్ (బార్ నొక్కితే స్వరం మారేది). 14, 16 కిలోఓమ్‌ల హాట్ పికప్ జోలికి పోకండి. అది యాంప్‌ను ముందే ముంచేస్తుంది. వాల్యూమ్ తగ్గించినా శబ్దం శుభ్రపడదు. ఈ శైలిలో సగం పని వాల్యూమ్ నాబ్‌తోనే.

ఎడ్డీ పికప్ ఏటవాలుగా ఉండటం అందం కోసం కాదు. గిబ్సన్ హంబకర్‌లో చివరి రెండు పోల్‌ల (స్ట్రింగ్‌ల కింద ఉండే లోహపు మొనల) మధ్య దూరం సుమారు 49 మిల్లీమీటర్లు. ఫెండర్ తరహా బ్రిడ్జ్ దగ్గర అంచు స్ట్రింగ్‌ల మధ్య దూరం 52 మిల్లీమీటర్లకు పైనే. నేరుగా బిగిస్తే అంచు స్ట్రింగ్‌లు పోల్‌లకు అవతల పడతాయి. కొంచెం తిప్పితే ఒకవైపు ముందు కాయిల్, మరోవైపు వెనక కాయిల్ అంచు స్ట్రింగ్‌ల కిందికి వస్తాయి. ఇప్పుడు వెడల్పు పోల్‌ల హంబకర్లే దొరుకుతున్నాయి, అవి కొంటే నేరుగా బిగించుకోవచ్చు. ఎత్తు సరిచూడాలంటే ఆఖరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టి కొలవండి: లావు స్ట్రింగ్ వైపు 2 మిల్లీమీటర్లు, సన్న స్ట్రింగ్ వైపు 1.6.

పికప్ కూత పెడితే

యాంప్ పెద్దగా పెట్టి, వాయించకుండా నిలబడినా సన్నటి కూత వస్తోందంటే పికప్ లోపలి తీగచుట్టలు వదులుగా ఉండి మైక్‌లా పనిచేస్తున్నాయి. ఎడ్డీ తన పికప్‌ను కరిగించిన మైనంలో ముంచింది ఇందుకే. అదే పని మీరు చేయాలంటే:

80 పాళ్లు పారఫిన్ మైనం, 20 పాళ్లు తేనెమైనం కలపండి. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకండి, మైనం అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. థర్మామీటర్ తప్పనిసరి, 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపాలి. 70 దాటితే ప్లాస్టిక్ బాబిన్ వంకర తిరుగుతుంది, ఇక ఆ పికప్ పనికిరాదు. పైకప్పు, టేపు తీసి పికప్‌ను ముంచితే బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా, అంటే 10 నుంచి 20 నిమిషాలు ఉంచి, బయటికి తీసి, పైన అంటిన మైనం తుడిచి, పూర్తిగా చల్లారాక బిగించండి. 1950ల నాటి అసలు పికప్ మీ దగ్గరుంటే మాత్రం ఈ పని చేయకండి. దాని విలువ పోతుంది.

ట్రెమోలో శ్రుతి నిలవడం

ఈ ఆల్బమ్ నాటికి ఎడ్డీ గిటార్‌లో ఫ్లాయిడ్ రోజ్ లాకింగ్ ట్రెమోలో (స్ట్రింగ్‌లను బిగించి పట్టే రకం) లేదు, మామూలు ఫెండర్ తరహా ట్రెమోలోనే. అది శ్రుతి తప్పకుండా ఉండాలంటే బ్రిడ్జ్‌ను గాలిలో తేల్చకుండా బాడీకి ఆనించి పెట్టండి. వెనక స్ప్రింగ్‌లు నాలుగు. స్వరం కిందికి మాత్రమే దిగుతుంది, పైకి ఎక్కదు. ఈ పాటలకు అది చాలు. బ్రిడ్జ్ ఆని ఉంటే ఒక స్ట్రింగ్ తెగినా మిగతావి శ్రుతి తప్పవు, వేదిక మీద ఇది చిన్న విషయం కాదు.

నట్ (నెక్ చివర స్ట్రింగ్‌లు ఆనే పట్టీ) గాళ్లలో స్ట్రింగ్ తేలిగ్గా జారాలి. మెత్తని పెన్సిల్ గ్రాఫైట్ రుద్దినా, చుక్క నూనె వేసినా సరే. మేకు (స్ట్రింగ్‌ను చుట్టి బిగించే ట్యూనింగ్ పెగ్) చుట్టూ రెండు మూడు చుట్లకు మించి వద్దు.

ఇప్పుడు పరీక్ష. బార్‌ను స్ట్రింగ్‌లు వదులయ్యేదాకా నొక్కి వదలండి. స్వరం పెరిగి తిరిగొచ్చిందా? నట్ దగ్గర స్ట్రింగ్ ఇరుక్కుంటోంది, గాడిని కొద్దిగా వెడల్పు చేయాలి. తగ్గి వచ్చిందా? మేకు దగ్గర చుట్లు జారుతున్నాయి, లేదా కొత్త స్ట్రింగ్ ఇంకా సాగుతోంది. రెండిటికీ మందు వేరు కాబట్టి ఏది జరుగుతోందో చూడకుండా నట్‌ను అరగదీయకండి.

శ్రుతి: అందరూ వదిలేసేది ఇదే

ఆరు స్ట్రింగ్‌లనూ అర స్వరం దించండి. లావు స్ట్రింగ్ నుంచి ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, జి ఫ్లాట్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. దీంతో స్ట్రింగ్ మెత్తబడి బెండ్‌లు తేలికవుతాయి, పాడేవాడికీ సుఖం.

అసలు రహస్యం రెండో స్ట్రింగ్‌లో ఉంది. ఎడ్డీ దాన్ని ట్యూనర్ చూపించినదానికంటే పిసరంత తగ్గించేవాడు. కారణం లెక్కలో ఉంది. గిటార్ ఫ్రెట్‌లు పన్నెండు అర స్వరాలనూ సమానంగా పంచుతాయి. ఆ పంపకంలో మేజర్ థర్డ్ అనే అంతరం సహజమైన 5:4 నిష్పత్తి కంటే సుమారు 14 సెంట్లు ఎక్కువగా పడుతుంది (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). శుభ్రమైన శబ్దంలో ఇది చెవికి ఆనదు. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేయడం) వేస్తే రెండు స్వరాల మధ్య తేడా కూడా మరో స్వరంగా మోగుతుంది, అది కార్డ్‌తో కలవక గరగరలాడుతుంది. చాలామంది గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెడితే పవర్ కార్డ్‌లు (థర్డ్ లేనివి) తప్ప వేరే వాయించలేకపోవడానికి కారణం ఇదే.

చేయాల్సింది: ట్యూనర్‌తో మొత్తం శ్రుతి చేశాక రెండో స్ట్రింగ్‌ను 6 నుంచి 8 సెంట్లు దించండి. పూర్తి 14 దించితే, ఆ స్ట్రింగ్ మీద థర్డ్ కాకుండా ఫిఫ్త్ పడే కార్డ్‌లు పాడవుతాయి. 4, 3, 2 స్ట్రింగ్‌ల మీద ఏడో ఫ్రెట్ అడ్డంగా నొక్కితే డి మేజర్ వస్తుంది (స్వరాల పేర్లు మామూలు శ్రుతి లెక్కలో చెబుతున్నాను). దాని థర్డ్ రెండో స్ట్రింగ్ మీదే ఉంది. యాంప్ గెయిన్‌తో ఆ కార్డ్ మోగిస్తూ మేకును మెల్లగా దించండి. కార్డ్ లోపలి వణుకు నెమ్మదించడం చెవులతోనే వినొచ్చు. తర్వాత అవే స్ట్రింగ్‌ల మీద 7-6-5 నొక్కి ఎ మేజర్ వినండి. అక్కడ రెండో స్ట్రింగ్‌ది ఫిఫ్త్. అది బేసురుగా వినిపిస్తే ఒకటి రెండు సెంట్లు వెనక్కి ఎక్కించండి.

యాంప్

ఆల్బమ్ మీద వినిపించేది 100 వాట్ల మార్షల్ సూపర్ లీడ్, అన్ని నాబ్‌లూ పూర్తిగా తెరిచి. దానికి ఎడ్డీ కరెంటు వేరియాక్ అనే పరికరం ద్వారా, అమెరికా 120 వోల్టుల బదులు 90 చుట్టూ తగ్గించి ఇచ్చేవాడు. ఒకప్పుడు మాత్రం వోల్టేజి పెంచుతానని చెప్పుకొచ్చాడు. దాన్ని పట్టుకుని మీ యాంప్‌కు వోల్టేజి పెంచకండి. ఫిల్టర్ కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ పోతాయి. తగ్గించడం కూడా పూర్తి క్షేమం కాదు. ట్యూబుల హీటర్‌కు 6.3 వోల్టులు కావాలి. సరఫరాను 90కి దించితే అది 4.7కి పడిపోతుంది, ట్యూబులు అలా నడవడానికి తయారైనవి కావు. ట్యూబ్ యాంప్ లోపల ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉంటుంది, కాబట్టి లోపల చేతులు పెట్టే పని టెక్నీషియన్‌కే వదలండి. స్పీకర్ లేదా లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు యాంప్ శక్తిని తీసుకునే పెట్టె) తగిలించకుండా ట్యూబ్ యాంప్‌ను ఎప్పుడూ ఆన్ చేయకండి.

ఇంట్లో వాయించేవాళ్లకు మోడలరే (యాంప్‌ల శబ్దాన్ని అనుకరించే డిజిటల్ పరికరం) సరైన దారి అని నా గట్టి అభిప్రాయం. ప్లెక్సీ (పాత మార్షల్) మోడల్, గ్రీన్‌బ్యాక్ స్పీకర్ల తరహా 4×12 క్యాబ్ (12 అంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టె) ఎంచుకోండి. వాల్యూమ్ 8, బేస్ 3, మిడ్ 7, ట్రెబుల్ 6, ప్రెజెన్స్ 5తో మొదలుపెట్టండి. వేరియాక్ నాబ్ ఉంటే 75 శాతం.

గెయిన్ ఎక్కువైందో లేదో తేల్చే పరీక్ష ఇది. ఎ మేజర్ మోగించి, అందులో మూడు స్వరాలూ విడివిడిగా వినబడుతున్నాయేమో చూడండి. ముద్దగా ఉంటే గెయిన్ తగ్గించండి. గిటార్ వాల్యూమ్ 6కి తేగానే శబ్దం దాదాపు శుభ్రపడాలి, 10కి తీసుకెళ్తే నిలిచి పాడాలి. రికార్డులో గెయిన్ మనం ఊహించుకునేదానికంటే తక్కువ. మిగతాది కుడిచేతి బలం.

పెడళ్లలో ఒక్క ఎంఎక్స్‌ఆర్ ఫేజ్ 90 తరహాది (స్వరాన్ని సుడి తిరిగేలా చేసే ఫేజర్) యాంప్‌కి ముందు పెట్టండి. నాబ్ గడియారం తొమ్మిది గంటల దగ్గర, నెమ్మదిగా. పాటంతా ఆన్‌లో ఉంచొద్దు, సోలోలకు, చిన్న చిన్న ఫిల్స్‌కు మాత్రమే.

చేతులు

ముందు లయ. ఐదో స్ట్రింగ్ తెరిచి, అరచేతి అంచు బ్రిడ్జ్‌కు ఆనించి పదహారో నోట్లు నడపండి. వాటి మధ్య ఇందాకటి ఎ (7-6-5), డి (7-7-7), జి (5-4-3) కార్డ్‌లను తాళానికి ముందు పడేలా పొడవండి. మెట్రోనోమ్ 90 దగ్గర మొదలు. కార్డ్ కొట్టిన వెంటనే అరచేయి తిరిగి స్ట్రింగ్ మీదికి రాకపోతే ఐదో స్ట్రింగ్ మోగుతూ ఉండిపోయి అంతా బురదవుతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వీలైతే బేస్ లేకుండా ఒక్క డ్రమ్మర్‌తో సాధన చేయండి. ఎడ్డీ లయ అలెక్స్ డ్రమ్స్‌ను అంటిపెట్టుకునే నడుస్తుంది.

ఇక రెండు చేతుల ట్యాపింగ్. ఎడ్డీ దీన్ని కనిపెట్టలేదు. జెనెసిస్ గిటారిస్ట్ స్టీవ్ హ్యాకెట్ 1971లోనే రికార్డు మీద వాయించాడు. ఎడ్డీ చేసింది దాన్ని ప్రతి గిటారిస్టూ నేర్చుకోక తప్పని భాషగా మార్చడం. పిక్‌ను బొటనవేలు, మధ్యవేలు మధ్య పట్టేవాడు కాబట్టి చూపుడువేలు ఎప్పుడూ ఖాళీ.

రెండో స్ట్రింగ్ మీద ఎడమ చూపుడువేలు ఐదో ఫ్రెట్‌లో, చిటికెనవేలు ఎనిమిదో ఫ్రెట్‌లో. కుడి చూపుడువేలితో పన్నెండో ఫ్రెట్‌ను కొట్టి, వేలిని పక్కకు గీకుతూ తీయండి; ఐదు మోగుతుంది. చిటికెనవేలితో ఎనిమిది కొట్టండి. ఇది ఇ మైనర్. క్రమం ఎప్పుడూ ట్యాప్, కింది ఫ్రెట్, పై ఫ్రెట్. ఒక బీట్‌కు మూడు నోట్లు. 5, 8, 13 అయితే సి మేజర్. 7, 10, 15 అయితే డి మేజర్. ఒక్కోటి నాలుగేసి బీట్లు వాయించి మళ్లీ ఇ మైనర్‌కి రండి. 60 దగ్గర మొదలుపెట్టి, తప్పు లేకుండా వచ్చాకే నాలుగేసి పెంచుతూ పోండి.

ట్యాప్ గట్టిగా, తర్వాతి నోటు నీరసంగా వస్తుంటే వేలిని నిటారుగా పైకి ఎత్తుతున్నారన్నమాట. అది స్ట్రింగ్‌ను మీటుతూ బయటికి రావాలి. పక్క స్ట్రింగ్‌లు మోగుతుంటే ఎడమ చూపుడువేలి అడుగుభాగం మొదటి స్ట్రింగ్‌ను తాకేలా, వేలి కొస మూడోదాన్ని ఆనేలా సర్దండి. లావు స్ట్రింగ్‌లను కుడి అరచేయి మూయాలి. ఈ సాధనంతా గెయిన్ లేకుండా చేయండి. శుభ్రమైన శబ్దంలో మూడు నోట్లూ ఒకే బరువుతో వచ్చాయంటే డిస్టార్షన్‌లో అవి వాటంతటవే మెరుస్తాయి. గెయిన్‌తో నేర్చుకుంటే కంప్రెషన్ లోపాలను దాచేస్తుంది, వేదిక మీద పెద్ద శబ్దంలో అవన్నీ బయటపడతాయి.

రికార్డింగ్

సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో నిర్మాత టెడ్ టెంపుల్‌మన్, ఇంజనీర్ డాన్ లాండీ గిటార్‌ను ఎడమవైపుకు, దాని ప్రతిధ్వనిని కుడివైపుకు పెట్టారు. ఒకే గిటార్ ఉన్న బ్యాండ్‌కు ఇది చక్కటి ఉపాయం. మీరు చేయాలంటే గిటార్ ట్రాక్‌ను పూర్తిగా ఎడమకు జరిపి, దాన్నుంచి ఒక సెండ్ (సిగ్నల్ నకలు) తీసి రివర్బ్ చానెల్‌కు ఇవ్వండి. ఆ చానెల్‌లో వంద శాతం రివర్బ్ మాత్రమే ఉండాలి, మోనోగా, పూర్తిగా కుడికి. డికే (ప్రతిధ్వని అణగిపోయే సమయం) ఒకటిన్నర సెకను చుట్టూ, ప్రీడిలే (అది మొదలయ్యే ముందు ఆలస్యం) 20 నుంచి 40 మిల్లీసెకన్లు. రివర్బ్‌లో 150 హెర్ట్జ్ కింద కోసేయండి, లేకపోతే బేస్ గిటార్ మీదికి పొర్లుతుంది. రివర్బ్ స్థాయిని హెడ్‌ఫోన్లలో నిర్ణయించకండి: అందులో కుడిచెవికి అసలు గిటార్ చేరదు కాబట్టి రివర్బ్ ఎక్కువ అనిపించి తగ్గించేస్తారు. స్పీకర్ల ముందు కూర్చుని సరిచేసి, ఆఖరున మోనోలో ఒకసారి వినండి. మోనోలో గిటార్ వెనక్కి జరిగిపోయినట్టుంటే సెండ్‌ను రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి.