ఆపరేషన్ థియేటర్‌లో ప్రెషర్ నిలవడం లేదా?

సమస్య: గేజ్ ముల్లు సున్నా దాటడం లేదు

తలుపులన్నీ మూశాక, పక్క గది కంటే ఓటీలో గాలి ప్రెషర్ కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ఉండాలి. ముందు ఆ తేడా చూపే గేజ్‌నే అనుమానించండి. రెండు ట్యూబులూ పీకితే ముల్లు సున్నాకు రావాలి. రాకపోతే స్క్రూతో సరిచేయండి. ట్యూబు ఎక్కడైనా మడతపడిందా, రెండూ తారుమారయ్యాయా చూడండి. తర్వాత తలుపు కింది సందు దగ్గర సన్నటి టిష్యూ ముక్క పట్టుకోండి. అది ఓటీ వైపు వాలిందంటే కారిడార్ దుమ్ము తెరిచిన గాయం వైపు వస్తోందన్నమాట. సరిచేసేదాకా కేసు మొదలుపెట్టకూడదు.

అసలు కారణం తరచుగా ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ (బయటి గాలిని లోపలికి వదిలే మూత) దగ్గరే దొరుకుతుంది. కరెంటు ఆదా అవుతుందని దాన్ని మూసేస్తారు. పైనుంచి ఎంత గాలి దిగినా, అంతటినీ రిటర్న్ గ్రిల్ (గది గాలిని వెనక్కి తీసుకునే జాలీ) లాగేసుకుంటే గదిలో మిగులు ఉండదు. ఆ మిగులే ప్రెషర్. గంటకు కనీసం 20 గాలి మార్పులు (గదికి సరిపడా గాలి 20 సార్లు రావడం), వాటిలో 4 బయటి గాలివి కావాలి. డ్యాంపర్ తెరవండి, చాలకపోతే రిటర్న్ డ్యాంపర్‌ను గేజ్ చూస్తూ కొద్దికొద్దిగా మూయండి. స్ప్లిట్ ఏసీ పెడితే లాభం లేదు, అది ఉన్న గాలినే తిప్పుతుంది.

సమస్య: సీలింగ్ నుంచి గాలే తగ్గింది

20×20 అడుగుల గది, ఎత్తు 10 అయితే 4,000 ఘనపుటడుగులు. 20 మార్పులకు నిమిషానికి 1,333 రావాలి. 8×6 అడుగుల లామినార్ (సీలింగ్ నుంచి గాలిని నేరుగా కిందికి వదిలే ప్యానెల్) కింద వేగం నిమిషానికి 30 అడుగులుంటే 1,440 వస్తుంది, చాలు. 25 అయితే 1,200 మాత్రమే. కాబట్టి వేగం 25-35 మధ్య ఉందని ఊరుకోకండి, లెక్క కట్టండి.

ప్రీఫిల్టర్ (దుమ్మును ముందే ఆపే ఫిల్టర్), బెల్టు బిగువు చూశాక బ్లోయర్ (గాలిని తోసే ఫ్యాన్) తిరిగే దిశ చూడండి. మోటారు రిపేరు తర్వాత ఫేజులు మారితే బ్లోయర్ ఉల్టా తిరుగుతుంది. అప్పుడూ గాలి వస్తూనే ఉంటుంది, కానీ బాగా తక్కువ. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కేసింగ్ మీది బాణంతో పోల్చి, ఎలక్ట్రీషియన్‌తో రెండు ఫేజులు మార్పించండి. హెపా (సన్నటి ధూళిని ఆపే చివరి ఫిల్టర్) దగ్గర ప్రెషర్ డ్రాప్, అంటే దానికి ముందూ వెనుకా ప్రెషర్ తేడా, కొత్తప్పటికి రెట్టింపైతే మార్చాలి, మార్చాక లీక్ టెస్ట్ తప్పనిసరి.

సమస్య: డిఫ్యూజర్ (సీలింగ్‌లో గాలి దిగే ప్యానెల్) నుంచి నీటి చుక్కలు

విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో వానాకాలపు ఇబ్బంది ఇది. రాత్రి ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి, వడకట్టి పంపే యంత్రం) ఆపేస్తే తేమ లోపలికి చేరుతుంది; పొద్దున చల్లగాలి తగిలిన ప్యానెల్ మీద నీరు పడుతుంది. రాత్రి కూలింగ్ ఆపినా బ్లోయర్ ఆపకండి. తేమ 60 శాతం దాటనివ్వకండి. తడిసిన హెపాను ఆరబెట్టి వాడకూడదు, మార్చాల్సిందే.