ప్రైమర్ పేలింది, మందు అంటుకోలేదు: మజిల్‌లోడర్ మొదటి షాట్ తంటా

జనవరి మొదట్లో అమెరికాలోని ఒహాయోలో నాలుగు రోజులు మజిల్‌లోడర్ (మూతిలోంచి మందు, తూటా దట్టించే తుపాకి) వేట సీజన్. ఆ నాలుగు రోజులూ నా ఫోన్‌కి వచ్చేది ఒకటే ప్రశ్న: "అన్నా, ప్రైమర్ టప్‌మంది, తుపాకి పేలలేదు, జింక పోయింది. పౌడర్ మార్చాలా?" వద్దు, పౌడర్ జోలికి పోకండి. (పౌడర్ అంటే తుపాకి మందు, ప్రైమర్ అంటే దానికి నిప్పంటించే చిన్న టోపీ.) (మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింకను వేటాడితే జైలే. ఇదంతా ఇక్కడ అమెరికాలో లైసెన్సు, ట్యాగు (వేట అనుమతి చీటీ) జేబులో పెట్టుకుని అడవికి వెళ్ళేవాళ్ళ కోసం.) మందు దట్టించడం మీకు వచ్చనే అనుకుంటున్నా. మనవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉండేది .50 కాలిబర్ (అర అంగుళం గొట్టం) ఇన్‌లైన్ (ప్రైమర్ మందుకి నేరుగా వెనకే ఉండే రకం), 209 ప్రైమర్, 50 గ్రెయిన్ల (మందు కొలత) పెల్లెట్లు, అంటే మందు బిళ్ళలు, రెండు. దాని గురించే చెప్తా.

ముందు ప్రాణం సంగతి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే బ్యారెల్ మూతి సురక్షితమైన వైపే ఉంచి కనీసం ఒక నిమిషం అలాగే ఉండండి. లోపల మందు నెమ్మదిగా రాజుకుని ఆలస్యంగా పేలొచ్చు. "ఏమైందబ్బా" అంటూ తుపాకి తిప్పి మూతి వైపు చూసినవాణ్ణి నా కళ్ళతో చూశాను. ఆ రోజు వాడికి బతికే రాత ఉంది, అంతే.

టక్‌మని ఊరుకుంది, ప్రైమర్ కూడా పేలలేదు

ప్రైమర్ పెట్టారా? నవ్వకండి, జింక కోసం కాపు కాయడానికి చీకట్లో చెట్టెక్కే హడావుడిలో సగం మంది మరిచిపోయేది ఇదే. పెట్టి ఉంటే బ్రీచ్ (బ్యారెల్ వెనక భాగం) పూర్తిగా మూసుకుందో లేదో చూడండి. అదీ సరిగ్గానే ఉంటే బోల్ట్‌లో (ప్రైమర్‌ని కొట్టే భాగం) గ్రీజు చలికి గట్టిపడి ఉంటుంది. తుడిచేయండి.

పేలింది, కానీ తూటా ఎక్కడికో పోయింది

రామ్‌రాడ్ (తూటాని మూతిలోంచి లోపలికి దించే కడ్డీ) మీద గుర్తు ఉందా? ఖాళీ బ్యారెల్‌కి ఒకటి, లోడ్ చేశాక ఒకటి, రెండు గీతలు ఉండాలి. పొద్దున్నే చెట్టెక్కే ముందు ప్రైమర్ లేకుండా రాడ్ దించి చూడటానికి పది సెకన్లు చాలు. తూటా మందుని ఆనుకోకుండా పైకి జరిగి ఉంటే గురి తప్పడం చిన్న నష్టం, బ్యారెలే ఉబ్బిపోవచ్చు. ఎన్నిసార్లు చెప్పినా గీత గీసుకోరు.

ప్రైమర్ పేలింది, మందు అంటుకోలేదు

అసలు కథ ఇది. దీని లక్షణం ఒకటి గుర్తుపెట్టుకోండి: మొదటి షాటే ఎగ్గొడుతుంది. షూటింగ్ రేంజ్‌లో రెండోది, మూడోది, పదోది చక్కగా పేలతాయి. అందుకే ఎవరికీ తుపాకి మీద అనుమానం రాదు.

నాకు వరసగా రెండు సీజన్లు పోయాయి. మొదటి ఏడాది అరవై గజాల్లో ఆడజింక, పక్కకి తిరిగి నిలబడింది. నొక్కాను. టప్. అది తలెత్తి నా చెట్టువైపు చూసింది, తెల్లతోక లేపి వెళ్ళిపోయింది. తేమ అనుకుని కొత్త పెల్లెట్లు కొన్నా, కొత్త ప్రైమర్లు కొన్నా. మరుసటి ఏడాది మళ్ళీ టప్. ఇంటికొచ్చి ప్రైమర్ తీసేసి, బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనక బిగించే మర, దాని సన్న రంధ్రంలోంచే నిప్పు మందుకి చేరుతుంది) విప్పితే ఆ రంధ్రం నిండా నూనె. వెనక పెల్లెట్ నల్లగా, జిడ్డుగా ఉంది.

తప్పు నాదే. శుభ్రం చేశాక తుప్పు పట్టకూడదని బ్యారెల్‌కి ధారాళంగా నూనె పట్టించి, మూతి పైకి పెట్టి అల్మారాలో నిలబెట్టేవాణ్ణి. తలకి పట్టించిన కొబ్బరినూనె తెల్లారేసరికి చెంపల మీదికి జారినట్టు, ఆ నూనె వారాల తరబడి కిందికి దిగి ప్లగ్‌లో చేరింది. ప్రైమర్ పేలితే నిప్పుకంటే ముందు ఆ జిడ్డు వెళ్ళి మందుకి తగిలింది.

దీనికి విరుగుడు ఇది. లోడ్ చేసే ముందు ఆల్కహాల్ తడిపిన గుడ్డముక్క బ్యారెల్‌లో తిప్పండి, తర్వాత పొడివి, మరక లేకుండా వచ్చేదాకా. ప్లగ్ విప్పి, రంధ్రంలో పైప్ క్లీనర్ దూర్చి తీయండి. ప్లగ్ బిగించాక ఖాళీ తుపాకిలో రాడ్ కొనకి పొడి గుడ్డముక్క పెట్టి అడుగుదాకా దించి, మూతి నేలవైపు ఉంచి ఒక ప్రైమర్ పేల్చండి. గుడ్డ తీసి చూస్తే మధ్యలో కాలిన మచ్చ ఉండాలి. మచ్చ లేదా, తడిగా ఉందా, మళ్ళీ మొదలుపెట్టండి. ఉత్తినే రెండు ప్రైమర్లు పేల్చేసి "అయిపోయింది" అనుకుంటే కుదరదు, గుడ్డ చూడాల్సిందే. ఇది ముందురోజు సాయంత్రమే చేసుకోండి, తెల్లవారుజామున అడవిలో కాదు. ఇక సీజన్ అయ్యాక మూతి కిందికి పెట్టి దాచండి.

మూడో ఏడాది గుడ్డ మీద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ చూసుకునే వెళ్ళా. ఏడున్నర దాటాక ఆడజింక వచ్చింది. తుపాకి పేలింది, పొగ కమ్మేసింది, జింక కనపడలేదు. ముందు మళ్ళీ లోడ్ చేసుకుని, తర్వాత దిగా. మంచు మీద ఎర్రచుక్కలు నలభై అడుగులే నడిపించాయి.

తేమ

ఉంటుంది, కానీ మీరనుకున్నంత కాదు. చల్లబడ్డ తుపాకిని వెచ్చటి గదిలోకి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమటపడుతుంది. ప్రైమర్ తీసేసి, తాళం వేసిన చల్లటి చోటే ఉంచండి. లోడ్ అయి ఉన్న తుపాకి గురించి మీ రాష్ట్రం నియమం చూసుకోండి.

మిగతావి అరుదు. పైరోడెక్స్ (ఒక రకం మందు) పెల్లెట్ నల్లటి కొన ప్లగ్ వైపు పెట్టకపోవడం, స్ప్రింగ్ నీరసించడం, ప్లగ్ అరిగిపోవడం. ఏదీ తేలకపోతే గన్‌స్మిత్‌కి ఇవ్వండి. ఆయన కూడా ముందు ప్లగ్ విప్పి నూనె ఉందేమో చూస్తాడు, దానికి డబ్బులు తీసుకుంటాడు.