అద్దె ఇంట్లో నెట్: అడ్వాన్స్ ఇచ్చేముందే అడగాల్సిన సంగతులు

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు నీళ్లు బాగా వస్తాయా, గాలీ వెలుతురూ ఉన్నాయా అని చూస్తాం. నెట్ సంగతి మాత్రం సామాను దింపాకే గుర్తొస్తుంది. సొంతిల్లయితే తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు. అద్దె ఇంట్లో గోడ మనది కాదు, ఎంతకాలం ఉంటామో కచ్చితంగా తెలియదు. అందుకే అద్దెకుండేవాళ్లు స్పీడు కంటే ముందు చూసుకోవాల్సింది, మధ్యలో ఇల్లు మారితే ఈ కనెక్షన్ మనల్ని ఎంత తేలిగ్గా వదులుతుందన్నది.

నాకు ఇది నష్టపోయాకే తెలిసింది. నెలనెలా కట్టేదాని కంటే చవకని ఏడాది ప్లాన్ తీసుకుని డబ్బంతా ఒకేసారి కట్టాను. ఐదు నెలలకే ఇల్లు మారాల్సి వచ్చింది. కొత్త వీధిలో ఆ కంపెనీ లైనే లేదు. మిగతా ఏడు నెలల డబ్బు వెనక్కి రాలేదు. వాళ్ల షరతుల్లో ఆ మాట ముందే రాసి ఉంది, నేను చదవలేదు. ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: మీ అద్దె ఒప్పందంలో మిగిలిన కాలం కంటే పొడవైన ప్లాన్ తీసుకోకండి. కొత్త ఇల్లయితే మొదటి రెండు మూడు నెలలు కాస్త ఎక్కువైనా నెలవారీ ప్లానే మంచిది.

‘ఇన్‌స్టలేషన్ ఫ్రీ’ అని ఉన్నచోట ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి. ఇన్ని నెలలు కొనసాగితేనే ఫ్రీ అనే షరతు చాలాసార్లు దాని వెనకే ఉంటుంది. ముందే మానేస్తే ఎంత కట్టాలి, ఇల్లు మారితే షిఫ్టింగ్‌కి ఎంత తీసుకుంటారు, కొత్త చోట లైను లేకపోతే ఏం చేస్తారు, రూటర్ డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు? ఈ నాలుగింటికీ జవాబులు ఫోన్లో విని ఊరుకోకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి.

ఆ ఏరియాలో లైను ఉందన్నంత మాత్రాన మీ ఇంటికి వస్తుందని కాదు. వీధి మొదట్లో ఉండి మీ భవనంలోకి రాని సందర్భాలు బోలెడు. ఇంటి నంబరు, అంతస్తుతో సహా చెప్పి కనుక్కోండి. అంతకంటే మంచి ఆధారం అదే భవనంలో ఉండే పక్కింటివాళ్లు. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు ఎలా వస్తోంది, పాడైతే ఎన్ని రోజులకు వచ్చి బాగుచేస్తున్నారు అని అడగండి. అందరూ ఒకేసారి వాడే ఆ వేళలోనే కనెక్షన్ అసలు సత్తా తెలుస్తుంది.

‘ఫైబర్’ (గాజు తీగ) అన్న మాటనూ విడమరిచి అడగాలి. కొన్నిచోట్ల ఫైబర్ వీధి పెట్టె దాకానే వచ్చి, అక్కడినుంచి ఇంట్లోకి పాత రాగి తీగే ఉంటుంది. రాగి టెలిఫోన్ తీగ మీద దూరం పెరిగేకొద్దీ స్పీడు తగ్గుతుంది. గోడకు కన్నం వేయడానికి ఓనర్ ఒప్పుకోకపోతేనో, ఉండేది కొద్ది నెలలేనని తెలిస్తేనో, సిమ్‌తో పనిచేసే 5జీ హోమ్ రూటర్ చూడండి. కొనేముందు అదే నెట్‌వర్క్ సిమ్ ఉన్న ఫోన్‌తో ఆ ఇంటి కిటికీ దగ్గర, సాయంత్రం పూట స్పీడ్ టెస్ట్ చేయండి. ఇల్లు మారినప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లవచ్చో లేదో కూడా అడగండి, కొన్ని ప్లాన్లు ఒకే అడ్రస్‌కి పరిమితం.

అంకెల విషయం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబైట్లు కాదు, మెగాబిట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, 8తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఇంటినుంచి పనిచేసేవాళ్లు, వీడియో కాల్స్‌లో పాఠాలు చెప్పేవాళ్లు అప్‌లోడ్ స్పీడును విడిగా అడగాలి. ప్రకటనలో పెద్దగా కనిపించేది డౌన్‌లోడ్ అంకే. ‘అన్‌లిమిటెడ్’ ప్లాన్లో ఎంత డేటా దాటాక స్పీడు తగ్గిస్తారో కూడా కనుక్కోండి.

ఓనరే ‘అద్దెలో వైఫై కూడా కలిపే ఉంది’ అంటే సంతోషమే, కానీ తొందరపడొద్దు. ఎన్ని కుటుంబాలు ఆ ఒక్క లైను వాడుతున్నాయి? పాడైతే కంప్లయింట్ ఎవరు ఇస్తారు? కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ల మాటే కంపెనీ వింటుంది, ఓనర్ ఊళ్లో లేకపోతే మీరు ఎదురుచూడాల్సిందే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రూటర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు, కావాలనుకుంటే, మీరు ఏయే సైట్లకు వెళ్తున్నారో చాలావరకు చూడగలరు. అడ్రస్ https తో మొదలయ్యే సైట్లలో మీరు టైప్ చేసేది కనపడదు గానీ సైటు పేరు మామూలుగా తెలిసిపోతుంది. ఉద్యోగం పనికైనా ఆఫీసు వీపీఎన్ (మీ నెట్ రాకపోకలు మధ్యలోవాళ్లకు కనపడకుండా చేసేది) వాడండి, వీలైతే మీ కనెక్షన్ మీరు పెట్టుకోండి.

మీరే పెట్టుకుంటే, కన్నం ఎక్కడ వేస్తారో, తీగ ఎటునుంచి వస్తుందో ఓనర్‌కి చూపించి మెసేజ్‌లో అనుమతి తీసుకోండి. ఆ గోడను ముందూ తర్వాతా ఫొటో తీసి ఉంచండి, డిపాజిట్ దగ్గర గొడవ వస్తే పనికొస్తుంది. పాత అద్దెదారు కనెక్షన్ ఇంకా రద్దు కాకపోతే అదే అడ్రస్‌కి కొత్తది ఇవ్వడానికి ఆలస్యం కావచ్చు, ఆ సంగతి ఓనర్‌నే తేల్చమనండి.

టెక్నీషియన్ వచ్చిన రోజు తప్పకుండా ఇంట్లో ఉండండి. రూటర్ పెట్టడానికి తీగ లోపలికి వచ్చిన మూలే ఆయనకు సులువు, మీకు కావాల్సింది ఇంటి మధ్య భాగం. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ నిదానమే అయినా దూరం వెళ్తుంది. ఫైబర్ తీగను తలుపు సందులో నలిగేలా, మూల దగ్గర గట్టిగా మడిచేలా వేయనివ్వకండి. లోపలిది సన్నని గాజు. ఆయన వెళ్లేలోపు ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలిపి స్పీడ్ చూడండి. వైఫై పాస్‌వర్డు, రూటర్ సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డు రెండూ మార్చండి. ఫైబర్ తీగలో కరెంటు రాదు కాబట్టి, పవర్ పోతే ఆ తీగ వచ్చి చేరే బాక్సూ రూటరూ ఆగిపోతాయి. కరెంటు తరచూ పోయే చోటైతే చిన్న రూటర్ యూపీఎస్ (కరెంటు పోయినా నడిపించే బ్యాటరీ) కొనుక్కోండి, అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజికి సరిపోయేదే.

పెట్టినరోజే రూటర్ వెనకున్న సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు అదే రూటర్‌ని అడాప్టర్‌తో సహా తిరిగిచ్చి రసీదు అడగండి. రద్దు చేయమని రాతపూర్వకంగా చెప్పి, ఆటో పేమెంట్ ఆపేసి, బాకీ లేదన్న మెసేజ్ వచ్చేదాకా కంపెనీకి ఇచ్చిన ఫోన్ నంబరు మార్చకండి.