యూకేలో ఇద్దరికీ సరిపడే చిన్న ట్రిప్పులు: టికెట్ నుంచి టిఫిన్ డబ్బా దాకా

యూకేలో మనవాళ్లు ట్రిప్ అనగానే నలుగురైదుగురు కలిసి కారు అద్దెకు తీసుకుంటారు, రెండు రోజుల్లో ఆరు ఊళ్లు చుట్టేస్తారు, ఆదివారం అర్ధరాత్రి ఇల్లు చేరి సోమవారం ఆఫీసులో ఆవులిస్తూ కూర్చుంటారు. స్నేహితులతో అయితే అదొక సరదా. భార్యాభర్తలిద్దరే వెళ్లేటప్పుడు మాత్రం అలా వద్దు. ఒకే ఊళ్లో రెండు రాత్రులు ఉండండి, రైల్లో వెళ్లండి. డ్రైవింగ్ టెన్షన్ లేకపోతే ఇద్దరూ కిటికీలోంచి ఒకే కొండని చూస్తారు, తీరిగ్గా మాట్లాడుకుంటారు.

ముందు టూ టుగెదర్ రైల్‌కార్డ్ తీసుకోండి. ఏడాదికి 35 పౌండ్లు, ఇద్దరి పేర్లూ ఫోటోలూ దాని మీదే ఉంటాయి, కలిసి ప్రయాణం చేస్తే ఇద్దరి టికెట్ల మీదా మూడో వంతు తగ్గుతుంది. అంటే ఏడాది మొత్తంలో మీ ఇద్దరి టికెట్ల అసలు ధర కలిపి 105 పౌండ్లు దాటితే చాలు, కార్డు డబ్బులు వచ్చేసినట్టే. అయితే సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున తొమ్మిదిన్నర లోపు రైళ్లకి అది చెల్లదు, బ్యాంక్ హాలిడే అయితే పర్వాలేదు. ఇంకోటి, ఇద్దరూ మొదటి నుంచి చివరి దాకా కలిసే వెళ్లాలి. మీ ఆయన ఆఫీసు దగ్గరి స్టేషన్‌లో ఎక్కి మధ్యలో మీతో కలుస్తానంటే కుదరదు, టికెట్ చెక్ చేసేవాళ్లు పేర్లు చూస్తారు. అడ్వాన్స్ టికెట్లు మామూలుగా పన్నెండు వారాల ముందు నుంచి అమ్మకానికి వస్తాయి, చవకవి ముందే అయిపోతాయి కాబట్టి తేదీ అనుకున్న రోజే కొనేయండి.

తేదీల విషయంలో నా మాట కాస్త వినండి. బ్యాంక్ హాలిడే వారాంతాల్లో వెళ్లకండి. పట్టాల పనులు ఎక్కువగా అప్పుడే పెట్టుకుంటారు, రైలు బదులు బస్సు ఎక్కిస్తారు, హోటల్ రేట్లూ మండిపోతాయి. దానికంటే మామూలు వారంలో ఒక శుక్రవారం సెలవు పెట్టుకోవడం ఎంతో నయం. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు యార్క్, ఎడిన్‌బరా లాంటి పట్నాలు చూడండి, కొండల్ని మే, జూన్‌లకి ఉంచుకోండి.

మొదటి ట్రిప్ ఎక్కడికని ఎవరడిగినా నేను లేక్ డిస్ట్రిక్ట్ అనే చెప్తాను. లండన్ యూస్టన్‌లో ఎక్కి ఆక్సెన్‌హోమ్‌లో దిగి, అక్కడ చిన్న రైలు మారితే విండర్‌మియర్. స్టేషన్ బయటే 555 నంబరు బస్సు ఆగుతుంది. డబుల్ డెక్కర్ వస్తే పైకెక్కి ముందు సీట్లో కూర్చోండి. ఇంగ్లండ్‌లో చాలా లోకల్ బస్సులకి 2025 నుంచి ఒకవైపు టికెట్ గరిష్ఠంగా 3 పౌండ్లే, ఆ డబ్బుకి ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్ మీదుగా కెస్విక్ దాకా సరస్సుల పక్కనే వెళ్తారు. రాతి గోడలు కిటికీకి ఆనుకున్నట్టే పోతుంటాయి, చెట్టు కొమ్మలు బస్సు పైకప్పుని గీరుకుంటాయి, మలుపు తిరగగానే నీళ్లు కనిపిస్తాయి. బస ఖర్చు తగ్గాలంటే వైహెచ్ఏ (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టళ్లు చూడండి, పేరుకి యూత్ అని ఉన్నా వయసుతో పనిలేదు, ఇద్దరికి విడి గదులు ఇస్తారు, చాలాచోట్ల వండుకోవడానికి కిచెన్ కూడా ఉంటుంది. చిన్న ఊళ్లలో రెస్టారెంట్లవాళ్లు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా వంట ఆపేస్తారు, కాబట్టి ఓ కప్పు బియ్యం, కాస్త కందిపొడి, ఊరగాయ బ్యాగులో ఉంటే ధైర్యం.

మా ఇంట్లో ఆయనకి కొండలు, నాకు సముద్రం, అందుకని ఒకసారి ఆయన ఎంపిక, ఇంకోసారి నాది అని పెట్టుకున్నాం. మీరూ అలా చేస్తే గొడవలు సగం తగ్గుతాయి. సముద్రం కావాలంటే కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్. సెయింట్ ఎర్త్‌లో రైలు మారేటప్పుడు తప్పకుండా కుడివైపు కూర్చోండి, కార్బిస్ బే ఇసుక తీరం మొత్తం అటే కనిపిస్తుంది. స్కాట్లండ్ హైలాండ్స్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జెస్ అనే చిన్న ఈగలు చుట్టుముడతాయి, ఏప్రిల్ చివరనో సెప్టెంబర్ చివరనో వెళ్లడం మంచిది.

వీసా గొడవ లేకుండా విమానం ఎక్కాలనిపిస్తే బెల్‌ఫాస్ట్ ఉంది. అది యూకేలోదే. అక్కడి నుంచి జెయింట్స్ కాజ్‌వే చూసి రావచ్చు, సుమారు 40,000 నల్లరాతి స్తంభాలు సముద్రంలోకి మెట్లలా దిగుతాయి. కానీ బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్ బస్సు ఎక్కేయకండి. సరిహద్దులో గేటు లేకపోయినా ఐర్లండ్ వేరే దేశం, మన పాస్‌పోర్ట్‌కి దాని వీసా కావాలి.

యూరప్‌కి షెంగెన్ వీసా తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, వేసవికి స్లాట్లు దొరకడం కష్టం కాబట్టి జూలై ట్రిప్‌కి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. ఫీజు మనిషికి 90 యూరోలు, దీనిపైన వీసా సెంటర్ సర్వీసు చార్జీ. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, స్లాట్ దొరికింది కదా అని ఇంకో దేశానికి కాదు. 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ కావాలి. మీ యూకే వీసా అక్కడి నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలైనా ఉండాలి. ఇద్దరివీ వేర్వేరు అప్లికేషన్లే, ఒకరు డిపెండెంట్ అయితే మ్యారేజ్ సర్టిఫికెట్, ఖర్చు భరించేవాళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్లు రెండో ఫైల్లోనూ పెట్టండి. వీసా చేతికొచ్చేదాకా క్యాన్సిల్ చేసుకోగలిగే హోటలే బుక్ చేయండి.

మొదటిసారికి పారిస్ కంటే బెల్జియం హాయి అని నా అభిప్రాయం. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి యూరోస్టార్ రైల్లో రెండు గంటలకి బ్రసెల్స్, అక్కడి నుంచి అరగంటలో గెంట్, గంటలో బ్రూజ్. గెంట్‌లో దిగి, మిగతావి పగటిపూట చూసి రండి. ఒక జాగ్రత్త, అక్కడి ఫ్రైస్ సంప్రదాయంగా గొడ్డు కొవ్వులో వేయిస్తారు, యార్క్‌షైర్ ఫిష్ అండ్ చిప్స్ దుకాణాల్లో కూడా చాలాచోట్ల అంతే. తినని వాళ్లు ఏ నూనె అని అడిగి కొనండి. మనం కట్టుకెళ్లే డబ్బాలోనూ యూకే నుంచి యూరప్‌కి మాంసం, పాల పదార్థాలు పట్టుకెళ్లనివ్వరు, కాబట్టి దారికి పెరుగన్నం కాకుండా పులిహోర కలుపుకోండి, పెరుగు అక్కడ దిగాక సూపర్‌మార్కెట్లో కొనుక్కోవచ్చు.