జాతరకి ముందు బెలూన్ల గన్ను సరిచూసుకోవడం

ఒడిశా బరంపురంలో ఠాకురాణి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్ళకోసారి, చైత్రంలో. మా మేనమామ బెలూన్ల దుకాణంలో బెలూన్లు ఊదడంతో మొదలుపెట్టి, గన్నులు బాగుచేసే దాకా వచ్చాను. అందరూ అడిగేది ఒకటే: "గురి చూసే సైటు కావాలనే వంకర పెడతారు కదా?" కొందరు పెడతారు, కాదనను. కానీ మా గన్ను చెడింది వేరేలా.

ఈ ఎయిర్‌గన్ బ్యారెల్‌ని, అంటే గొట్టాన్ని, కిందికి వంచి మధ్యకి విరిస్తే లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది. మూసి ట్రిగ్గరు లాగితే పిస్టను ముందుకు దూకి గాలిని కుదిస్తుంది, ఆ గాలే గుండుని తోస్తుంది. విరిచి ఉండగానే ట్రిగ్గరు లాగారో, బ్యారెల్ ఠపీమని మూసుకుని పైకి వంగిపోతుంది. మధ్యలో వేలుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఒక యాత్రలో పులి వేషం కట్టిన కుర్రాడు సరిగ్గా ఇదే చేశాడు. గన్ను కట్టెకి అంటిన వాడి పసుపు రంగు ఇప్పటికీ పోలేదు. "మావా, గన్ను పైకి కొడతంది" అంటే మావయ్య నా గురినే తిట్టాడు.

అందుకే ముందు బ్యారెల్ చూడండి. గన్ను ఎక్కుపెట్టకుండా, గుండు లేకుండా, సైట్లకి తగలకుండా పక్కగా బ్యారెల్ పైభాగాన ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి పట్టుకోండి. దారానికీ బ్యారెల్‌కీ మధ్యలో సందు కనిపిస్తే వంగినట్టే. మోకాలి మీద పెట్టి నొక్కకండి, నేను ఒకటి అలాగే పాడుచేశాను.

పాత గన్నుల్లో పిస్టనుకి తోలు వాషరు ఉంటుంది. ఎండితే గాలి కారి, గుండు బెలూన్ దాకా నీరసంగా వెళ్తుంది. రెండు చుక్కల నూనె చాలు. ఎక్కువ పోస్తే కుదించిన గాలి వేడికి నూనె అంటుకుని, పెద్ద చప్పుడుతో పొగ వస్తుంది. జనానికి అది సరదా, స్ప్రింగుకి చేటు. గుండు లేకుండా పేల్చడం కూడా అంతే, అడ్డులేక పిస్టను వెళ్ళి లోపలి చివరి గోడకి గుద్దుకుంటుంది.

తర్వాత కాగితం మీద అయిదు గుండ్లు కాల్చి చూడండి. కుడికి పడితే వెనక సైటుని ఎడమకి జరపండి. బోర్డు వెనక గోనెపట్టా వదులుగా వేలాడదీయండి, గట్టి చెక్కకి తగిలిన గుండు కంటి మీదకి తిరిగొస్తుంది.

ఈ ఆట మనది కాదు. 1845లో పారిస్‌లో ఫ్లోబెర్ అనే ఆయన గదిలోనే కాల్చుకోడానికి చిన్న తూటా చేశాడు. అమెరికా సంతల్లో వించెస్టర్ 1890 మోడల్‌తో నిజం తూటాలే కాల్చేవారు. 1936లో సీబర్గ్ కంపెనీ రే-ఓ-లైట్ తెచ్చింది: గన్ను నుంచి వెలుగు, బాతు బొమ్మలో ఆ వెలుగుని పసిగట్టే ఫొటోసెల్. దానికి గుండూ లేదు, గోనెపట్టా అక్కర్లేదు.

మావయ్య గన్ను ఇప్పటికీ పైకే కొడుతుంది. మా దుకాణానికి వస్తే బెలూన్ కింద ముడికి గురిపెట్టండి.